పోవడం ఓడలో, రావడం విమానంలో

1939 జూన్ 28న న్యూయార్క్ శివార్లలోని పోర్ట్ వాషింగ్టన్ నీళ్ల మీంచి డిక్సీ క్లిప్పర్ అనే బోయింగ్ విమానం 22 మంది ప్రయాణికులతో పైకి లేచింది. అజోర్స్ దీవుల్లోని హోర్టాలో ఒకసారి, లిస్బన్‌లో ఒకసారి దిగి, చివరికి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ చేరింది. రెక్కల విమానానికి టికెట్టు కొనుక్కుని అట్లాంటిక్ దాటిన తొలి బ్యాచ్ వాళ్లే. పాన్ అమెరికన్ కంపెనీ పెట్టిన ధర ఒకవైపుకు 375 డాలర్లు, రానూపోనూ అయితే 675. ఒకవైపు టికెట్లు రెండు విడివిడిగా కొంటే 750 అవుతుంది కాబట్టి, తిరిగి కూడా మీ విమానంలోనే వస్తానని మాటిచ్చినవాడికి 75 డాలర్లు మిగిలాయి. అందులో వింతేమీ లేదు. రానూపోనూ ఒకేసారి బుక్ చేస్తే మన ఆర్టీసీ కూడా కాస్త తగ్గిస్తుంది. వింత ఆ తర్వాత మొదలైంది. ఆ తేడా పెరిగి పెరిగి, లండన్ నుంచి న్యూయార్క్‌కు వన్‌వే టికెట్టు, రానూపోనూ టికెట్టు కంటే ఎక్కువ ధర పలికే దాకా పోయింది. వెళ్లి రావడం చవక, ఊరికే వెళ్లడం ఖరీదు!

ఈ తిరకాసు బాగా తగిలింది ఓడ ప్రేమికులకి. అట్లాంటిక్‌ను ఒకవైపు ఓడలో తీరిగ్గా దాటి, రెండోవైపు విమానంలో ఇంటికి చేరాలనుకునేవాళ్లకి కావలసింది ఒక్క వన్‌వే టికెట్టే. చాలాకాలం పాటు ఆ ఒక్క టికెట్టే ఓడ క్యాబిన్‌తో పోటీపడేంత ఖరీదుగా ఉండేది. ఇవాళ బార్సిలోనా నుంచి ఫ్లారిడాకు రెండు వారాల ఓడ, వెనక్కి ఒక రాత్రి విమానం అనే జోడీ యూరప్‌లో పింఛను మీద బతికేవాళ్లు కూడా వేసుకోగల ప్లాను. దీన్ని ఎవరో తెలివైనవాడు కూర్చుని కనిపెట్టలేదు. మునిగిపోయిన నాలుగైదు విమాన కంపెనీలు, ప్రయాణికులు కరవైన ఓడ కంపెనీలు, ఒకరి సంగతి ఒకరు పట్టించుకోకుండానే తలా కాస్తా తయారుచేసి పెట్టారు.

అసలు ఓడలకి ఈ గొడవ లేనే లేదు. ఐర్లండ్ నుంచో ఇటలీ నుంచో అమెరికాకు వలస పోయేవాడు తిరుగు టికెట్టు కొనడు కదా. అట్లాంటిక్ ఓడ కంపెనీలు బాగుపడిందే ఆ వన్‌వే జనం మీద. క్వీన్ మేరీ అనే ఓడ 1936లో తొలిసారి సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లేనాటికి వలస తగ్గిపోయింది గానీ, ఏ దాటుకు ఆ దాటే ధర అనే పద్ధతి అలాగే నిలిచింది. 1958 అక్టోబర్‌లో మూడు వారాల తేడాతో బ్రిటిష్ వాళ్ల కామెట్, పాన్ అమెరికన్ వాళ్ల బోయింగ్ 707 జెట్ సర్వీసులు మొదలయ్యాయి. ఐదు రోజుల సముద్రం ఒక్క రాత్రికి కుదించుకుపోయింది. 1967లో క్వీన్ మేరీ, 1969లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ, 1974లో ఫ్రాన్స్ అనే ఓడ, ఇలా వరసగా పెద్ద ఓడలు ఆ దారి నుంచి తప్పుకున్నాయి.

విమానాల ధర మాత్రం పోటీ మీద నడవలేదు. 1945లో హవానాలో పుట్టిన అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అదే ఐయాటా, సభ్య కంపెనీలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఛార్జీలు ఖాయం చేసేది. ఆ ఛార్జీలను ప్రభుత్వాలు ఆమోదించేవి. ఏ కంపెనీ విమానం ఎక్కినా ధర ఒకటే. ధర ఒకటే అయినప్పుడు పోటీ తిండి మీద పడింది. 1958లో ఎకానమీ తరగతి మొదలైనప్పుడు ఆ సీట్లలో కూర్చున్నవాళ్లకు శాండ్‌విచ్‌కు మించి పెట్టకూడదని రూలు పెట్టుకున్నారు. స్కాండినేవియా కంపెనీ ఎస్ఏఎస్ తమ దేశపు అలవాటు ప్రకారం రొట్టె ముక్క మీద మాంసం, చేప, కూరగాయలు అలంకరించి ఇదీ శాండ్‌విచ్చే అంది. పాన్ అమెరికన్ ఫిర్యాదు చేసింది. పంచాయితీ జరిగింది, ఎస్ఏఎస్‌కు జరిమానా పడింది. రొట్టె మీద ఎంత మాంసం ఉండాలో తేల్చుకోవడానికి సమావేశం పెట్టుకున్న పెద్దమనుషులు, సగం దారి టికెట్టు ధర ఎంతుండాలన్నది ప్రయాణికుడికి వదిలేస్తారా?

ఆ బల్ల దగ్గర కూర్చోని కంపెనీ ఒకటుండేది. ఐస్లాండ్‌కు చెందిన లాఫ్ట్‌లైడిర్. న్యూయార్క్ నుంచి రేక్యావిక్, అక్కడి నుంచి యూరప్. పెద్ద దేశాల విమానాశ్రయాల్లో తమ చవక ఛార్జీలతో దిగనివ్వకపోతే, 1955 నుంచి చిన్న దేశమైన లక్సెంబర్గ్‌లో దిగడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు జెట్లు నడుపుతుంటే వీళ్లు పాత ప్రొపెల్లర్ విమానాల్లో నింపాదిగా వెళ్లేవాళ్లు. ఆలస్యమైతే అయిందని విద్యార్థులు, పొడుగు జుట్టు కుర్రాళ్లు అందులో ఎక్కారు. దానికి హిప్పీల విమానమనే పేరొచ్చింది. అట్లాంటిక్ మీద చవక టికెట్టు అనే ఆలోచనకు తొలి ఊపిరి పోసింది ఈ కంపెనీయే. తర్వాతి కథలో ఐస్లాండ్ మళ్లీ వస్తుంది.

ఇంతకీ వన్‌వే ఎందుకంత ఖరీదైంది? ఒకే విమానంలో రెండు రకాల మనుషులు ఎక్కుతారు. ఒకరు కంపెనీ పని మీద సోమవారం వెళ్లి గురువారానికి ఇంటికి చేరాలనుకునే మేనేజరు. టికెట్టు డబ్బు ఆయన జేబులోది కాదు, ఎంత చెప్పినా కంపెనీ కడుతుంది. రెండో మనిషి సెలవులకు సొంత డబ్బుతో వెళ్లే టీచరు. ధర కాస్త పెరిగితే ప్రయాణమే మానుకుంటుంది. ఒకే ధర పెడితే మేనేజరు దగ్గర రావలసింది రాదు, లేదంటే టీచరు సీటు ఖాళీగా ఎగురుతుంది. ఇద్దరికీ రెండు ధరలు చెప్పాలి. కానీ ముఖం చూసి ధర చెప్పడం కుదరదు. అందుకని ముందుగా కొనాలి, అక్కడ కనీసం ఇన్ని రోజులు ఉండాలి అని షరతులు పెట్టి ధర తగ్గించారు. వాటన్నిటిలోకీ పదునైనది శనివారం రాత్రి షరతు. మధ్యలో ఒక శనివారం రాత్రి అవతలి ఊళ్లో గడిపితే చవక ధర, లేకపోతే లేదు. ఏ మేనేజరైనా శనివారం ఇంట్లో ఉండాలనుకుంటాడు. సెలవులకు వెళ్లేవాళ్లకు శనివారం రాత్రి అక్కడ ఉండటం అసలు షరతే కాదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగకుండానే ఇద్దరూ చెరో వైపు విడిపోతారు.

ఈ వల పనిచేయాలంటే తిరుగు ప్రయాణం తేదీ ముందే తెలియాలి. వన్‌వే టికెట్టుకు తిరుగు ప్రయాణమే లేదు. శనివారం అక్కడుంటాడో లేదో కంపెనీకి తెలిసే దారి లేదు. తెలియనివాడిని మేనేజర్ల పద్దులో జమకట్టి పూర్తి ధర వసూలు చేయడమే కంపెనీకి క్షేమం. సముద్రం మీద ఏడు రోజులు గడపబోయే రిటైర్డు టీచరు, కంపెనీల దృష్టిలో అర్జంటు పని మీద వెళ్లే మేనేజరైపోయింది. జనం ఊరుకుంటారా? రానూపోనూ టికెట్టు కొని రెండో సగం పారేయడం నేర్చుకున్నారు. కంపెనీల షరతుల్లో అది తప్పు. పైగా అది ఒక దిక్కునే పనిచేస్తుంది. మొదటి సగం వాడి రెండోది వదిలేయవచ్చు గానీ, మొదటి సగానికి రాకపోతే మిగతా టికెట్టంతా రద్దవుతుంది. అందుకని ఓడలో అమెరికా వెళ్లి విమానంలో లండన్ రావాలనుకునేవాడు న్యూయార్క్–లండన్–న్యూయార్క్ టికెట్టు కొని, రెండో సగం వదులుకోవలసి వచ్చేది. సీటు ఖాళీగా ఎగిరేది. ఇంత తెలివైన ధరల పద్ధతి చివరికి సాధించింది ఆ ఖాళీ సీటును.

ఈ చిక్కు నుంచి బయటపడే దారి మొదట వెతికింది ఓడల వాళ్లే. బ్రిటిష్ కంపెనీ క్యునార్డ్, విమానాలు తన గిరాకీని తినేస్తున్నాయని గ్రహించి, 1962లో బ్రిటిష్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీతో కలిసి బీఓఏసీ-క్యునార్డ్ అనే ఉమ్మడి కంపెనీ పెట్టింది. ఆ పొత్తు నాలుగేళ్లకే 1966లో తెగిపోయింది. క్యునార్డ్ ఒక్క పాఠం మాత్రం ఉంచుకుంది. 1969లో క్వీన్ ఎలిజబెత్ 2ను దించాక, ఒకవైపు ఓడ, ఒకవైపు విమానం కలిపి ఒకే ధరకు అమ్మడం అలవాటు చేసుకుంది. విమానం ఛార్జీ విడిగా అడిగితే భరించలేనిది, టోకున ఓడ కంపెనీ కొంటే ఓడ టికెట్టులో కలిసిపోయింది. 1980లలో దీనికి రాజఠీవి వెర్షన్ కూడా వచ్చింది. పోయేటప్పుడు ఐదు రోజుల క్వీన్ ఎలిజబెత్ 2, వచ్చేటప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్‌లో మూడున్నర గంటలు. ప్రపంచంలోకెల్లా పేరున్న ఓడనూ, ప్రపంచంలోకెల్లా వేగమైన ప్రయాణికుల విమానాన్నీ ఒకే చీటీ మీద అమ్మారు. ఓడలో పెట్టెలకు లెక్కుండేది కాదు, కాంకార్డ్‌లో ప్రతి కిలోకీ లెక్కే. రాత్రి విందులకని తెచ్చుకున్న గౌన్లు, సూట్లు వెనక్కి ఎలా చేర్చాలన్న బెంగ ఆ ప్యాకేజీ కొన్నవాళ్లకు బాగా తెలిసి ఉంటుంది. ఇది డబ్బున్నవాళ్ల ముచ్చటే గానీ, ఓడా విమానమూ పోటీదారులు కానక్కరలేదు, ఒకే ప్రయాణంలో చెరో సగం కావచ్చునన్న సంగతిని మార్కెట్‌లో పెట్టింది ఇదే.

మామూలు మనిషికి సగం దారి టికెట్టు ఇచ్చినవాడు ఫ్రెడ్డీ లేకర్. ఇంగ్లండ్‌లో చార్టర్ విమానాలు నడిపిన ఈయన 1971లో ఒక దరఖాస్తు పెట్టాడు. ముందస్తు బుకింగు ఉండదు. ఆరోజు వచ్చి ఆరోజే టికెట్టు కొనుక్కోవాలి. తిండి కావాలంటే విడిగా కొనాలి. ఒకవైపుకు ఇంత ధర, తిరిగొస్తావా లేదా అన్నది మాకు అనవసరం. దీనికి స్కైట్రైన్ అని పేరు పెట్టాడు. లైసెన్సు వచ్చింది, ప్రభుత్వం మారాక వెనక్కి పోయింది, లేకర్ కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు కోర్టు ప్రభుత్వం తన అధికారం మీరిందని తేల్చింది. అమెరికా అధ్యక్షుడు కార్టర్ కూడా ఒప్పుకున్నాక, 1977 సెప్టెంబర్ 26న గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు మొదటి స్కైట్రైన్ ఎగిరింది. 345 సీట్ల డీసీ-10 విమానం. లండన్ నుంచి 59 పౌండ్లు, న్యూయార్క్ నుంచి 135 డాలర్లు. మరుసటి వేసవిలో విక్టోరియా స్టేషన్ చుట్టుపక్కల టికెట్టు కోసం జనం దుప్పట్లు పరుచుకుని రాత్రిళ్లు ఫుట్‌పాత్‌ల మీదే పడుకున్నారు. పాత కంపెనీలు కంగారుపడి స్టాండ్‌బై ఛార్జీలంటూ తామూ తగ్గించాయి. లేకర్‌కు 1978లో సర్ బిరుదు వచ్చింది. 1982 ఫిబ్రవరి 5న అప్పుల్లో మునిగి కంపెనీ మూతపడింది. పెద్ద కంపెనీలన్నీ కూడబలుక్కుని తొక్కేశాయని లేకర్ తరఫున దావా పడింది. 1985లో కోర్టు బయట రాజీ కుదిరింది.

నా దృష్టిలో లేకర్ గొప్పతనం 59 పౌండ్లలో లేదు. మనిషి తిరిగొస్తాడా లేదా అని అడగడం మానేయడంలో ఉంది. అంతకుముందు నలభై ఏళ్లుగా ఏ కంపెనీకీ తోచని పని అది, లేదా తోచినా చేయడం ఇష్టంలేని పని. తర్వాతివాళ్లు ఆ దారిలోనే నడిచారు. 1983లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే అమెరికన్ కంపెనీ నెవార్క్ నుంచి గాట్విక్‌కు వన్‌వే 149 డాలర్లకే నడిపింది. నాలుగేళ్లు తిరక్కుండానే కాంటినెంటల్‌లో కలిసిపోయింది. 1984 జూన్‌లో వర్జిన్ అట్లాంటిక్ 99 పౌండ్ల వన్‌వేతో మొదలైంది. అది బతికింది గానీ, నిలదొక్కుకున్నాక పెద్దవాళ్ల ధరల పద్ధతికే చేరుకుంది.

ఇక ఓడల వైపు చూద్దాం. జెట్లు వచ్చాక అట్లాంటిక్ దాటించడం గిట్టుబాటు కాని ఓడ కంపెనీలు ఊరకే తిప్పి తెచ్చే విహారయాత్రలకు మళ్లాయి. 1966 చివర్లో నార్వేకు చెందిన క్నూట్ క్లోస్టర్ తన సన్‌వర్డ్ ఓడను మయామీకి తెచ్చాడు. ఇంగ్లండ్–జిబ్రాల్టర్ దారి కోసం కట్టిన ఓడ, అక్కడి రాజకీయాల వల్ల పని లేకుండా పోయింది. మయామీలో టెడ్ అరిసన్ అనే వ్యాపారి దానికి ప్రయాణికులను వెతికిపెట్టాడు. తర్వాత ఇద్దరికీ చెడి, అరిసన్ 1972లో కార్నివాల్ కంపెనీ పెట్టుకున్నాడు. మయామీ ప్రపంచంలోకెల్లా పెద్ద క్రూజ్ రేవుగా ఎదిగింది. అయితే కరేబియన్‌లో జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం. అదే సమయంలో మధ్యధరా సముద్రంలో, నార్వే తీరంలో గిరాకీ విపరీతం. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఓడలు గుంపులుగా తూర్పుకు, అక్టోబర్, నవంబర్‌లలో పడమరకు వలస పోతాయి. మూడు వేల మంది పట్టే ఓడ ఖాళీగా వెళ్లినా ఇంధనం, జీతాలు తప్పవు. నిండుగా వెళ్తే బార్‌లో, కాసినోలో, దుకాణాల్లో నాలుగు డబ్బులు రాలుతాయి. ఆ రెండు వారాల్లో రేవులు చాలా తక్కువ. మదీరాలో ఫుంచాల్, అజోర్స్‌లో పోంటా డెల్గాడా, కానరీ దీవుల్లో టెనెరిఫె, ఇలా ఒకటో రెండో వస్తాయి. ఆ తర్వాత ఆరేడు రోజులు చుట్టూ నీళ్లే. ఉద్యోగం చేసేవాడికి అంత సెలవు దొరకదు, పిల్లలకు బడి ఉంటుంది. మిగిలేది తీరిక ఉన్నవాళ్లు. వాళ్ల కోసం కంపెనీలు మామూలు వారం రోజుల కరేబియన్ యాత్రతో పోలిస్తే రోజు లెక్కన సగానికి దగ్గరగా ధర దించేస్తాయి.

శరత్కాలంలో పడమరకు వచ్చే ఓడలు కానరీల మీదుగా దక్షిణపు దారి పడతాయి. వెనక నుంచి వాణిజ్య పవనాలు తోస్తాయి, ఎండ ఉంటుంది. 1492లో కొలంబస్ ఆ దీవుల నుంచే అట్లాంటిక్‌లోకి బయల్దేరాడు. ఆయనకు తిరుగు ప్రయాణం బుకింగు బెడద లేకపోయింది.

ఓడ ఇంత చవకయ్యాక అడ్డుగా మిగిలింది విమానమే. అది తొలగడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. మొదట యూరప్ లోపల. 1995 నవంబర్‌లో ఈజీజెట్ లూటన్ నుంచి గ్లాస్గోకు 29 పౌండ్ల వన్‌వేతో మొదలైంది. ప్రతి దాటుకూ విడి ధర, శనివారం గొడవ లేదు, రిటర్న్ అనే మాటే లేదు. ఇంటర్నెట్ వచ్చాక జనం ఆ పద్ధతికి ఎంత అలవాటు పడ్డారంటే, పాత కంపెనీలు తమ సొంత దేశాల్లో శనివారం షరతును నిశ్శబ్దంగా ఎత్తేశాయి. అట్లాంటిక్ మీద మాత్రం పట్టు వదల్లేదు. 2013 మే 30న నార్వేజియన్ అనే కంపెనీ ఓస్లో నుంచి న్యూయార్క్‌కు నడపడంతో ఆ గోడకు బీటపడింది. దాని అధిపతి బ్యోర్న్ క్యోస్, మాజీ యుద్ధవిమాన పైలట్. కొత్త బోయింగ్ 787 తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్తుంది కాబట్టి యూరప్‌లో పనిచేసిన వన్‌వే లెక్క సముద్రం మీదా పనిచేస్తుందని ఆయన వాదం. 2014లో గాట్విక్, 2017లో బార్సిలోనా నుంచి కూడా మొదలుపెట్టాడు. బార్సిలోనా నుంచి ఫోర్ట్ లాడర్‌డేల్‌కు నేరు విమానం వచ్చేసింది. ఋతువు మారినప్పుడు వలసపోయే ఓడలకు అటూ ఇటూ పెద్ద రేవులు అవే కావడం ఓడ ప్రయాణికుల అదృష్టం. అదే ఏడాది ఎడిన్‌బరా నుంచి న్యూయార్క్ రాష్ట్రానికి వన్‌వే 69 పౌండ్ల నుంచి అమ్మాడు. ఐస్లాండ్ నుంచి వావ్ ఎయిర్ 2015లో 99 డాలర్ల వన్‌వేతో దిగింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియాల మాతృసంస్థ ఊరుకోలేక 2017లో బార్సిలోనాలో లెవెల్ అనే చవక కంపెనీ పెట్టి 99 యూరోల నుంచి టికెట్లు పెట్టింది. పెద్ద కంపెనీలు చేతి సంచి మాత్రమే అనుమతించే బేసిక్ ఛార్జీలు తెచ్చాయి.

తర్వాత జరిగింది లేకర్ కథే. ఇదే బాటలో నడిచిన మరో చవక కంపెనీ ప్రైమెరా ఎయిర్ 2018 అక్టోబర్ 1న, వావ్ 2019 మార్చి 28న మూతపడ్డాయి. నార్వేజియన్ అప్పుల భారంతో, కోవిడ్ దెబ్బతో 2021 జనవరిలో సముద్రం దాటే విమానాలు ఆపేసి యూరప్ లోపలికే పరిమితమైంది. వన్‌వే మీద డబ్బు నిలబెట్టుకున్నవాడు అట్లాంటిక్ మీద దాదాపు లేడు. వాళ్లు వదిలిపోయిన అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. అమెరికన్ కంపెనీ జెట్‌బ్లూ 2021 ఆగస్టులో న్యూయార్క్–లండన్ మొదలుపెట్టింది. నార్స్ అట్లాంటిక్ అనే కొత్త కంపెనీ 2022 జూన్‌లో నార్వేజియన్ వదిలేసిన 787లతోనే ఓస్లో నుంచి ఎగిరింది. పాత కంపెనీలు ఇప్పటికీ కొన్ని రూట్లలో వన్‌వేకి రెట్టింపు చెబుతాయి, పోటీ ఉన్న రూట్లలో సగానికే ఇస్తాయి. ఒకే విమానాశ్రయంలో పక్కపక్క కౌంటర్లలో రెండు రకాల లెక్కలు!

అందుకే ఓడ జోడీ వేసుకునేవాళ్లు ముందు దిక్కు చూసుకుంటారు. పడమరకు ఓడ, తూర్పుకు విమానం అయితే లాభాలు రెండు. లండన్ నుంచి బయల్దేరే విమానాలకు 1994 నుంచి బ్రిటన్ వేసే ప్రయాణికుల పన్ను, దూర ప్రయాణానికి ఎకానమీ సీటుకు 2025లో 90 పౌండ్లు, లండన్‌కు వచ్చే విమానాలకు లేదు. రెండోది గడియారం. సౌతాంప్టన్ నుంచి క్వీన్ మేరీ 2 ఏడు రాత్రుల్లో న్యూయార్క్ చేరేలోగా ఐదుసార్లు గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఐదు రోజులు 25 గంటల రోజులు. తూర్పుకు వెళ్లే ఓడలో అదే గంటలు ఒక్కొక్కటే పోతాయి. ఇక రేవు. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఓడరేవూ విమానాశ్రయమూ పక్కపక్కనే ఉన్నాయి. రోమ్ అని రాసిన ఓడ ఆగేది ఊరికి డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న చివిటావెక్యాలో. ఉదయం ఓడ దిగి పదింటికి విమానం పట్టేస్తామనుకునేవాళ్లకు ఆ తేడా అక్కడే తెలిసొస్తుంది. ఓడ ఎక్కడానికి విమానంలో వెళ్లేవాళ్లు ఒకరోజు ముందే ఊరు చేరడం మేలు. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. వన్‌వే ధర ఎక్కడా దొరక్కపోతే ఓడ కంపెనీనే అడగాలి. ప్రిన్సెస్‌లో ఈజీఎయిర్, రాయల్ కరేబియన్‌లో ఎయిర్2సీ అని టోకు ఒప్పందాల విభాగాలున్నాయి. క్యునార్డ్ నలభై ఏళ్ల క్రితం చేసిన పనే ఇది, కాంకార్డ్ ఒక్కటే తక్కువ.

మనవాళ్లకు వన్‌వే టికెట్టంటే ఆగస్టులో శంషాబాద్‌లో రెండు పెద్ద సూట్‌కేసులతో నిలబడ్డ విద్యార్థే గుర్తొస్తాడు. విమాన కంపెనీలు అదనపు లగేజీతో స్టూడెంట్ ఛార్జీలు పెట్టింది వాళ్ల కోసమే. కానీ న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు దారిలో ఈ ఓడ ఎక్కాలంటే వాళ్లకు వన్‌వే అవసరమే లేదు. హైదరాబాద్ నుంచి లండన్, న్యూయార్క్ నుంచి హైదరాబాద్ అని ఒకే టికెట్టు తీసుకోవచ్చు. ట్రావెల్స్ వాళ్లు ఓపెన్ జా అంటారు, బుకింగ్ సైట్లలో మల్టీసిటీ అని ఉంటుంది. ఛార్జీ నియమాలు ఒప్పుకున్న చోట రెండు రానూపోనూ టికెట్ల చెరో సగం కలిపి లెక్క కడతారు. మధ్యలోని ఖాళీని ఓడ పూరిస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ధర కంటే వీసాలే అసలు పని. సౌతాంప్టన్ నుంచి అయితే బ్రిటన్ వీసా, బార్సిలోనా నుంచి అయితే షెంగెన్ వీసా, రెంటికీ తోడు అమెరికా వీసా. అజోర్స్ పోర్చుగల్‌లో భాగం కాబట్టి ఆ దీవుల రేవుకూ షెంగెనే కావాలి. ఓడ ఎక్కేచోటే వీసాలన్నీ చూస్తారు.

ఇక వన్‌వే విమానాల సంగతికొస్తే, నార్స్ అట్లాంటిక్ కూడా అట్లాంటిక్ మీద పూర్తిగా నిలదొక్కుకోలేకపోయింది. తన 787లు కొన్నిటిని ఇండిగోకు అద్దెకిచ్చింది. 2025 జూలైలో ఇండిగో వాటితోనే ముంబై నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు సర్వీసులు మొదలుపెట్టింది. ఇండిగో మొదటినుంచీ ప్రతి దాటుకూ విడి ధర చెప్పే కంపెనీయే.